పడని చెట్లు

సత్తియ్య కొబ్బరి దింపు చేసేవాడు. పలివెల దగ్గర బుచ్చిరాజు గారి తోటలో నాలుగు వందల చెట్లు. రెండు నెలలకొకసారి అన్నీ ఎక్కి కాయలు దింపేవాడు. అరవై రెండులో తండ్రి ఆ తోటలోనే చెట్టు మీంచి పడి చనిపోయాడు. కర్మకాండలయ్యాక సత్తియ్య తండ్రి కొబ్బరి కత్తే నడుముకు కట్టుకుని, ఆయన ఆపిన చోటి నుంచి దింపు పూర్తి చేశాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. తర్వాత భూలక్ష్మి వచ్చింది, ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. తోట గట్టు మీద తాటాకు పాక. పాక స్థలం బుచ్చిరాజు గారిది.

బుచ్చిరాజు గారు ఒక పని చేయగా సత్తియ్య ఎన్నడూ చూడలేదు. చేయకుండానే ఆయన డెబ్భైలో సమితి ప్రెసిడెంటు అయ్యారు. డెబ్భై ఏడు తుపానుకు జీపులో వచ్చి, బురదలో కాలు పెట్టకుండా బియ్యం పొట్లాలు విసిరారు. ఫొటో సరిగా రాలేదంటే ఒక ముసలమ్మ చేతిలోంచి పొట్లం వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. మరుసటి ఏడు ఎమ్మెల్యే. ఆపైన మంత్రి. ఓట్లకు వచ్చినప్పుడు పాక ముందు ఆగి, "ఒరే సత్తియ్యా, ఈసారి నీకు పట్టా రాయించేస్తాన్రా" అనేవారు.

"ఆయ్" అనేవాడు సత్తియ్య.

ఓట్లు రెండుసార్లు వచ్చి వెళ్లాయి. పట్టా రాలేదు.

తుపానుకు పడిన కొబ్బరి చెట్లకు ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఆ తోటలో పడినవి పదకొండు. నాలుగు వందలూ పడ్డాయని బుచ్చిరాజు గారు బావమరుదుల పేర్లతో, చనిపోయిన మేనత్త పేరుతో జాబితా రాయించారు. సంతకం పెట్టనన్న గుమాస్తాను బదిలీ చేయించారు. నిజంగా చెట్లు పోయినవాళ్లు ఆఫీసుకు వెళితే నిధులు అయిపోయాయన్నారు.

ఎనభై మూడులో ఆయన ఓడిపోయారు. కొత్తవాళ్లు పాత కాగితాలు తిరగేశారు. కేసు నడిచి నడిచి ఎనభై అయిదులో సాక్షుల దాకా వచ్చింది. విచారణకు వచ్చినవాళ్లకు తోట నిండా చెట్లే కనిపించాయి. దానికి బుచ్చిరాజు గారి వకీలు జవాబు తయారు చేశాడు: పాతవి పడిపోయాయి, ఇవి తర్వాత నాటినవి. మొక్కల లెక్క చూసే అధికారి ఒకడు అలాగే రాసిచ్చాడు. కొబ్బరిని పచ్చడిలో తప్ప ఎరగని జడ్జికి అది చాలుననుకున్నారు. చెట్లెక్కే మనిషి కూడా ఆ మాటంటే ఇక తిరుగుండదు.

బుచ్చిరాజు గారు సత్తియ్యను అరుగు దగ్గరికి పిలిపించారు.

"ఏడేళ్ల లేత చెట్లని చెప్పు. అంతే. సాయంత్రానికి పట్టా నీ చేతిలో ఉంటది."

"లేత చెట్లయితే నిల్చునే కోసుకోవచ్చండి. నేనెందుకండి?"

"వెటకారమా? చెప్పకపోతే పాక పీక్కుని పో."

భూలక్ష్మి అంతా విని, "అనేసి రావయ్యా" అంది. "ఆయన అన్ని అబద్ధాలాడి మేడ కట్టేడు. మనం ఒక్కటాడి పాక నిలబెట్టుకోలేమా?"

సత్తియ్యకూ అదే సబబనిపించింది. కోర్టుకని ఎక్కిన బెజవాడ బస్సులో దారి పొడుగునా 'ఏడేళ్లండి' అని లోలోపల అనుకుంటూనే ఉన్నాడు.

బోనులో వకీలు ఒక ఫొటో అందించాడు. ఎత్తు తెలియకుండా చెట్టు మొదలు వరకే తీసిన ఫొటో. కాలవ వైపు వంగిన మొదలు. ఇంకే చెట్టూ దొరకనట్టు ఆ చెట్టునే తీశారు. సత్తియ్య తలెత్తి బుచ్చిరాజు గారిని చూశాడు. ఆయన ఉత్తరీయం మడత సరిచేసుకుంటున్నారు. ఆ చెట్టేమిటో ఆయనకు గుర్తే లేదు.

"ఈ చెట్టు వయసెంత?" అన్నాడు వకీలు.

"ఇది మా నాన్న పడిన చెట్టండి. అరవై రెండులో."

వకీలు ఫొటో లాక్కోబోయాడు. జడ్జి ఆపాడు. "అప్పటికే చెట్టు ఉందా?"

"లేకపోతే మా నాన్న దేని మీంచి పడ్డాడండి?"

హాలులో నవ్వారు. సత్తియ్య నవ్వలేదు. మిగతా చెట్ల సంగతి కూడా అడిగినవన్నీ చెప్పాడు.

మూడేళ్ల శిక్ష పడింది. అప్పీలు చేసుకుని పదకొండు రోజులకే బుచ్చిరాజు గారు బెయిలు మీద వచ్చేశారు. రావులపాలెం నుంచి కార్లు, బాజాలు, దండలు. చెట్లు పోయి పైసా అందనివాళ్లు కూడా వరసలో నిలబడి దండ వేశారు. ఆయన కళ్లు తుడుచుకుని, కక్ష కట్టారన్నారు. వాళ్లూ తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున సత్తియ్య పాక విప్పుతుంటే తోట అజమాయిషీ చూసే తాతబ్బాయి వచ్చాడు.

"అయ్యగారు ముందు దింపు చేసి, తర్వాత ఖాళీ చెయ్యమన్నారు. కాయలు ముదిరిపోతున్నాయంట."

"ఏ చెట్లకండి?"

"ఏ చెట్లేంటి? మన తోటే."

"అవి తుపానుకి పడిపోయాయి కదా తాతబ్బాయి గారూ. అయ్యగారే రాయించేరు. పడిపోయిన చెట్టెక్కడం నాకు రాదండి."

తాతబ్బాయికి నవ్వు వచ్చింది. మేడ వైపు చూసి మింగేశాడు.

"కబుర్లాపి ఆ కొస పట్టుకో" అంది భూలక్ష్మి.

ఇద్దరూ పాక నడివాసాన్ని భుజాలకెత్తుకుని కాలవ అవతలి పోరంబోకు వైపు నడిచారు.