వెనిస్‌లో బతుకమ్మ

యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంట చేసే సారలమ్మకు కోపమెక్కువని అంటారు. ఎందుకుండదు? ఎవరో మహానుభావులు ఆమె ఊరి పొలాలు కొని, కుంట చుట్టూ గోడ కట్టి, ఇటలీలోని వెనిస్ నగరాన్ని ఇక్కడ దింపుతామన్నారు. కుంటను కాలువలుగా చీల్చి, పడవలు వదిలి, ఒడ్డున విల్లాలు లేపారు. నిరుడు సద్దుల బతుకమ్మ నాడు ఆమె పూలు పేర్చుకుని పోతే గేటు దగ్గరే ఆపేశారు. పూలు వేస్తే నీళ్లు పాడవుతాయట.

ఈ ఏడు తెలంగాణ కోసం సమ్మె. బస్సుల్లేక ఆమె ఊరికి పోలేదు. క్యాంపస్‌లోనే హాస్టల్ ఆడపిల్లలం మాతో కలిసి బతుకమ్మ ఆడింది. ఆట అయ్యాక బతుకమ్మను నీళ్లలో సాగనంపాలి కదా. తాంబాళం నెత్తిన పెట్టుకుని సరాసరి తార్నాకలోని ఆ వెనిస్ వాళ్ల ఆఫీసుకు నడిచింది. నీళ్ల బాటిళ్లు పట్టుకుని మేమూ వెంట నడిచాం.

లోపల బల్ల మీద నమూనా ఉంది. అట్టతో చేసిన విల్లాలు, నీలం రంగు వేసిన కాలువలు. అక్కడ పనిచేసే రఘువీర్ లేచి నిలబడ్డాడు.

"మా కుంట ఏడున్నది బిడ్డా?" అని అడిగింది సారలమ్మ.

"కుంటేమీ లేదండీ. ఇదివరకు ఇదంతా ఖాళీ స్థలమే" అన్నాడతను.

ఆమె బతుకమ్మను కాలువ మధ్యలో దించింది. నాలుగు విల్లాలు నలిగిపోయాయి.

"అది మోడలండీ, అందులో నీళ్లుండవు."

"నీళ్లు మాయే గద. మేమే పోస్తం" అంటూ ఆమె మావైపు చూసింది.

మేం బాటిళ్ల మూతలు తీశాం.