దూతలు తుమ్మిరి

ఈ రోజు నా దిద్దుబాటులో ఒక తప్పు బయటపడింది.

పంతొమ్మిది వందల ఎనభై మూడు క్రిస్మస్‌కి మా చర్చి గోడ మీద దేవదూతల బొమ్మ వేసింది ఏసుపాదం. మిరప బస్తాల మీద మార్కాలు వేసేవాడు, కవిత్వం రాసేవాడు. మిరపకాయలు ఆరబోసే కల్లంలో తనకు దేవదూతలు కనిపించారనేవాడు. అందుకే అతని దూతలు కూడా ఘాటుకు తట్టుకోలేక ముక్కూ మూతీ గుడ్డతో కట్టుకున్నారు. కింద "దూతలు తుమ్మిరి, ఆకాశం ఎర్రబడెను" అని రాశాడు. తెలుగు మాస్టారిని కదా, "దూతలు తుమ్మడమేంటయ్యా, పాడిరి అని మార్చు" అన్నాను. ఆ మాట చెరిపి అలాగే రాశాడు.

ఏసుపాదం పోయి రెండు నెలలైంది. ఈ ఉదయం ఆరాధన అయ్యాక, మిరపకాయల తొడిమలు తీసే మరియమ్మ ఆ బొమ్మ దగ్గర నన్ను ఆపింది.

"మూతికి గుడ్డ కట్టుకుని వీళ్ళు ఎట్టా పాడతారండీ మాస్టారూ?"

"తెలియక రాశాడులే అమ్మా" అని తప్పించుకున్నాను.

"మాకైతే తుమ్ములే వస్తాయండీ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

నా తప్పును పోయినవాడి మీదికి నెట్టేసి వచ్చాను. ఆ మాట మళ్ళీ మారుద్దామంటే, గోడ మీద నా దస్తూరీ అతని బొమ్మకు తగదు. మీరైతే ఏం చేసేవారు?