పక్క సీటుకి ఓ ముక్క

కంపెనీ పని మీద ఒసాకా వెళ్లినప్పుడు, ఓ బుధవారం మధ్యాహ్నం ఒంటరిగా ఒక బార్బెక్యూ చైన్ హోటల్‌కి వెళ్లాను. అక్కడ ప్రతి సీటు ముందూ చిన్న పొయ్యి ఉంటుంది, ఎవరి ముక్కలు వాళ్లే కాల్చుకోవాలి. మా నర్సీపట్నంలో పక్కన మనిషిని ఉంచుకుని ఒక్కళ్లమే తినం. అందుకే మొదట కాలిన చికెన్ ముక్కని చాప్‌స్టిక్స్‌తో పట్టుకుని, పక్క సీటు పెద్దాయన వైపు చాపాను.

"ఓ ముక్క తినండి బాబూ" అన్నాను, తెలుగులోనే.

ఆయన తన చాప్‌స్టిక్స్‌తో అందుకోబోయి ఠక్కున వెనక్కి తీసుకున్నారు. తర్వాత నవ్వి పళ్లెం ముందుకు జరిపితే అందులో వేశాను. ఫోన్‌లో ఏదో టైప్ చేసి, తెలుగులోకి మార్చి చూపించారు. వాళ్లలో శవదహనం అయ్యాక ఎముకల్ని మాత్రమే అలా పుల్లల నుంచి పుల్లలకి అందించుకుంటారట!

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను.

"అయ్యన్నీ తరవాత. ముందు ఆ పెద్దాయన తిన్నాడా నేదా, సెప్పు."

"తిన్నారమ్మా. తర్వాత తను కాల్చుకున్న ముక్కొకటి నా పళ్లెంలో వేశారు."

"మరింకేటిరా!" అంది అమ్మ.