పై తీగ

2023 వసంతకాలం. నార్త్ కరోలినాలోని క్యారీలో, ఒక మ్యూజిక్ షాపు వెనక గదిలో నేను గిటార్ పాఠాలు చెప్పేదాన్ని. ఇప్పటికీ అక్కడే చెబుతున్నాను. సాయంత్రాలు పిల్లలు వస్తారు, అమ్మానాన్నలు పంపిస్తారు కాబట్టి. శనివారాలు పెద్దవాళ్లు వస్తారు, వాళ్లంతట వాళ్లే. నిజానికి పెద్దవాళ్లకి నేర్పడమే కష్టం. ఆఫీసులో ఒక టీమ్‌ని నడిపే మనిషికి ఇక్కడ ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కి వేళ్లు కదలకపోతే తనమీద తనకే కోపం వస్తుంది. కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం. ఆ కోపం కాసేపటికి నామీదికి మళ్లుతుంది. నాకూ ఓపిక తక్కువే కాబట్టి ఇద్దరికీ సరిపోతుంది.

ప్రసాద్ గారు అలా వచ్చిన మనిషే. కాకినాడ వైపు వాళ్లు, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అప్పటికే ఆన్‌లైన్ వీడియోలు చూసి చాలావరకు నేర్చుకున్నారు. వేళ్లు బాగా తిరుగుతాయి, తాళం కూడా తప్పరు. కానీ సరదాగా నేర్చుకునేవాళ్లందరికీ ఉండే జబ్బు ఆయనకి కాస్త ఎక్కువగా ఉంది. ఎక్కడైనా ఒక తీగ సరిగా పలకలేదంటే ఆగిపోతారు, "సారీ మేడమ్" అంటారు, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంటారు. అందుకని ఆయన వాయించే ప్రతి పాటా మొదట్లో అద్భుతంగా ఉండేది. చివరిదాకా విన్నవాళ్లెవరూ లేరు.

ఇంట్లో ఒక్కరే వాయించుకునే మనిషికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఆయన మాత్రం ఒక పని పెట్టుకుని వచ్చారు.

ఆయన భార్య సునీత గారు వాళ్ల తెలుగు చర్చిలో పాటలు నడిపించేవారట. అంతకు ముందు ఏడాది థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక గొంతు మారిపోయింది. మాట బొంగురుగా వస్తుంది, పై స్థాయి అసలు అందదు. అప్పటినుంచి ఆవిడ చర్చిలో వెనక వరసలో కూర్చుని పెదవులు మాత్రం కదుపుతున్నారట. చర్చిలో కీబోర్డు ఉంది, డ్రమ్ ప్యాడ్లు ఉన్నాయి. కానీ ఆ మోతలో ఈ గొంతు వినపడదు. మెత్తగా ఒక్క గిటార్ ఉంటే పాడగలదని ప్రసాద్ గారి నమ్మకం. ఎంతో బతిమాలితే ఆవిడ ఒక్కసారికి ఒప్పుకున్నారు. గొంతు తప్పితే మళ్లీ ఎప్పుడూ పాడమని అడగకూడదని మాట తీసుకున్నారు.

స్థాయి పెంచడానికి మాకు కాపో అని ఒక క్లిప్పు ఉంటుంది. గిటార్ మెడకి తగిలిస్తే పట్టే కార్డులు అవే, స్థాయి మాత్రం పెరుగుతుంది. తగ్గించడానికి అలాంటిదేమీ లేదు. తీగలన్నీ వదులు చేసి శ్రుతి దించుకోవాల్సిందే. ఒక శనివారం సునీత గారు కూడా వచ్చారు. ఆవిడ కష్టపడకుండా పలికే చోటు దొరికేదాకా దించుకుంటూ పోయాం. ఆవిడ పల్లవి పాడారు. నేనెన్నో మంచి గొంతులు విన్నాను గానీ, ఆ గొంతుకి కదిలిపోయినట్టు దేనికీ కదిలిపోలేదు.

ఆ తర్వాతి పాఠాల్లో సునీత గారి బదులు నేనే పాడి, మధ్యలో కావాలని తప్పేదాన్ని. నేను తప్పగానే ప్రసాద్ గారి చెయ్యి ఆగిపోయేది. ఎన్నిసార్లు చేసినా అంతే. చర్చిలో పాడాల్సిన ఆదివారానికి ముందు చివరి పాఠంలో నాకు విసుగొచ్చి, మీరు ఆగితే ఆవిడ ఆగిపోతారు, ఆ ఆగడం ఇక ఆఖరిది అవుతుందని చెప్పేశాను. ఆయన గిటార్ సర్దుకుని వెళ్లిపోయారు.

నేను చర్చికి వెళ్లే మనిషిని కాదు. ఆ ఆదివారం మాత్రం వెళ్లాను. అమెరికన్ల ఆరాధన అయిపోయాక అదే భవనంలో మధ్యాహ్నం తెలుగువాళ్లు కూడుకుంటారు. హాల్లో పాటలు జరుగుతున్నాయి. పక్కన పిల్లల గదిలో ప్రసాద్ గారు, శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టుకుని తీగలు సరిచూసుకుంటున్నారు. సునీత గారూ నేనూ దగ్గరగా వేసిన తలుపు బయట నిలబడ్డాం. హాల్లోంచి వచ్చే చప్పట్ల మధ్య నాకు లావు తీగ ఒక్కటే వినిపిస్తోంది, దాని శ్రుతి కాస్త దిగింది.

"పై తీగ దిగింది ప్రసాద్ గారూ, కొంచెం బిగించండి" అన్నాను.

తీగలన్నీ మళ్లీ మీటారు. లావు తీగలో మార్పు లేదు. "ఇంకా" అన్నాను. మళ్లీ అంతే. ఇంకొంచెం బిగించమన్నాను. టప్పున శబ్దం వచ్చింది.

వెళ్లి చూస్తే సన్న తీగ తెగి వేలాడుతోంది. ఒడిలో పెట్టుకున్నప్పుడు లావు తీగ పైన ఉంటుంది, సన్న తీగ కింద ఉంటుంది. తెలుగులో పాఠం చెప్పే నాకు పై తీగంటే లావుదే. ఇంగ్లీషు వీడియోల్లో నేర్చుకున్న ఆయనకి సన్నదే హై, ఎందుకంటే దాని స్వరం పైది. పేరు చూసుకుందామన్నా రెండూ E తీగలే. పాఠాల్లో నేనెప్పుడూ వేలు పెట్టి చూపించేదాన్ని కాబట్టి ఆ మాట దగ్గర మాకు ఎప్పుడూ పేచీ రాలేదు. ఆ రోజు మధ్యలో తలుపు ఉంది.

"ట్యూనర్ కరెక్ట్‌గానే చూపించింది మేడమ్. మీరు ఇంకా, ఇంకా అంటున్నారని..." అన్నారాయన. వేరే తీగల సెట్ ఇంట్లో ఉందట.

సునీత గారు ఆ తీగని చూశారు. "పోనీలెండి. పాస్టర్ గారితో చెప్పేస్తాను, కీబోర్డు వాళ్లు వేరే పాట అందుకుంటారు" అన్నారు. ఆవిడ ముఖంలో బాధ లేదు, తప్పించుకున్నానన్న నిమ్మళం ఉంది. నాకు భయం వేసింది అది చూసే.

గిటార్ లాక్కుని తెగిన తీగ పీకేశాను. ఒకటి తెగితే మెడ మీద లాగుడు తగ్గి మిగతావి కూడా కాస్త తప్పుతాయి, వాటినీ సరిచేశాను. ఆరు తీగల్లో అన్నిటికంటే సన్న గొంతుది పోయింది, మిగతా అయిదింటితో పాట నడుస్తుందని చెప్పాను. హాల్లో పాట అయిపోయింది. మైకులో సునీత గారి పేరు వినిపించింది.

"నేను ఆగిపోతే మేడమ్?" అన్నారు ప్రసాద్ గారు, భార్యకి వినపడకుండా.

"ఆగకండి" అన్నాను. అంతకంటే ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

పల్లవి బాగానే వచ్చింది. బొంగురుగా, కిందుగా, కానీ నిలకడగా. మొదటి చరణం కూడా గట్టెక్కింది. ప్రసాద్ గారు అలవాటు ప్రకారం తన వేళ్లనే చూసుకుంటున్నారు. రెండో చరణంలో మాట కాస్త పైకి ఎక్కే చోట ఆవిడ నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించారు, రాలేదు. మైకు కిందికి దించేశారు.

నేను ఆయన కుడిచెయ్యినే చూస్తున్నాను. అది తీగల మీద ఒక్క క్షణం తడబడింది. ఇక అయిపోయిందనుకున్నాను. అప్పుడాయన తల ఎత్తి భార్య ముఖంలోకి చూశారు. చెయ్యి మళ్లీ కదిలింది. తర్వాతి కార్డ్‌కి వెళ్లలేదు. ఆవిడ ఆగిన చోట ఉన్న G కార్డ్ మీదే మెల్లగా తిరుగుతూ ఉండిపోయారు.

ముందు వరసలో ఒక పెద్దావిడ కళ్లు మూసుకుని పల్లవి ఎత్తుకున్నారు. వాళ్ల కూడికల్లో పల్లవిని ఎవరైనా, ఎన్నిసార్లైనా అందుకుంటారట. ఎవరూ ఏమీ అనుకోరు. హాలంతా అందుకుంది. ఎవరి చూపూ సునీత గారి మీద లేదు. ఆ పల్లవి అయ్యాక మళ్లీ అదే G, మెల్లగా, తొందర లేకుండా. ఆయన చూపు ఆవిడ మీదినుంచి కదలలేదు. కొంతసేపటికి ఆవిడ మైకు ఎత్తి, అదే చరణాన్ని, అందని ఆ మాటని కిందికి వంచుకుని పాడారు. చివరిదాకా పాడారు.

భోజనాల దగ్గర ప్రసాద్ గారు నాకు బిర్యానీ ప్లేటు తెచ్చిచ్చి, పాట మధ్యలో ఒక స్ట్రోక్ మిస్సయ్యానని చెప్పబోతే సునీత గారు ఆయన్ని ఆపేశారు.

"వచ్చే ఆదివారం కూడా పాడతానని పాస్టర్ గారికి చెప్పాను మేడమ్," అన్నారు. "ఈయన చేత శ్రుతి ఇంకొంచెం కిందికి దింపించండి."

ఆ రోజు తర్వాత నా పాఠాల్లో తీగలకి నంబర్లు తప్ప పైనా కిందా అనే మాట లేదు. అది చిన్న దిద్దుబాటు. అసలు విషయం నాకు ఇంకా కొరుకుడు పడలేదు. అన్ని వారాలూ నేను ఆయనకి ఆగకూడదని నేర్పాను. ఆగకుండా ముందుకి వెళ్లిపోయి ఉంటే ఆవిడ పాటలోంచి పడిపోయేవారు, మళ్లీ ఎక్కేవారు కారు. ఆగకుండానే ఆవిడ కోసం అక్కడే నిలబడాలని ఆయనకి నేను చెప్పలేదు, చెప్పాలని నాకే తెలియదు. ఇప్పుడు శనివారం వచ్చే పెద్దవాళ్లకి ముందు అదే నేర్పుతున్నాను. ఒక కార్డ్ పట్టుకుని, ఎదుటి మనిషి ముఖం చూస్తూ, వాళ్లు వచ్చేదాకా వాయిస్తూ ఉండమంటాను.