గెడ్డ ఇచ్చిన దీపం

మొన్న, కాఫీ పూలు విచ్చిన వేళ, అరకులో ఒక సభకు వెళ్ళాను. మల్లెలను తలపించే ఆ పరిమళం కొండగాలితో వచ్చి ముఖాన తాకవలసిన చోట డీజిలు పొగ నా ముక్కుపుటాలను కమ్మివేసింది. సభామందిరం వెనుక జనరేటరు హోరెత్తుతున్నది. లోపల కిటికీలన్నిటికీ దళసరి తెరలు దించి, మిట్టమధ్యాహ్నం లెక్కలేనన్ని దీపాలు వెలిగించి, హరిత విద్యుత్తును గురించీ, ఇంటింటా కరెంటు పొదుపు చేయవలసిన ఆవశ్యకతను గురించీ వక్తలు ఉపన్యసిస్తున్నారు. ఆశీర్వచనం పలకడానికని నన్ను పిలిచారు. వేదిక ఎక్కక ముందే నాకు ఒళ్ళు మండింది. ఆ మంట నా సొంతం కాదు. చిలకమ్మ నాకు పెట్టిపోయినది.

పెదబయలు ప్రాంతంలో, నేను తెలుగు చెప్పిన బడికి ఎగువన, ఒక చిన్న గూడెం ఉండేది. చిలకమ్మ అక్కడి రైతు, వితంతువు. ఆమె ఇంటి వసారాగదిలో నేను అద్దెకుండేవాణ్ణి. ఆమె తోటలోని మిరియం కంటె ఆమె నోరు ఘాటు. ఆ గూడేనికి అప్పటికి సర్కారు కరెంటు రాలేదు. గెడ్డ అని వాళ్ళు పిలుచుకునే కొండవాగు నుంచి గూడెంవాళ్ళే రాళ్ళు మోసి, కాలువ తవ్వి, ఎవరో పుణ్యాత్ములు తెచ్చి ఇచ్చిన చిన్న చక్రం మీదికి నీరు దూకించి దీపాలు వెలిగించుకున్నారు. కాలువ మొదట ఒక చెక్క తలుపు ఉండేది. దాన్ని ఎత్తడం, దించడం చిలకమ్మ పెత్తనం.

చేరిన తొలి సాయంత్రమే గదిలో ఉన్న రెండు దీపాలూ వెలిగించి నేను పుస్తకం విప్పాను. గుమ్మంలోంచి కేక వినిపించింది.

"ఏటి మేస్టారూ, ఒక్క మనిసికి రెండు దీపాలేటి? ఒకటి మీకు, ఒకటి మీ నీడకా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నన్ను బయటికి రమ్మని పక్కింటిని చూపించింది. అక్కడొక బాలిక, నారింజతొక్క రంగుకు దిగిపోయిన బల్బు కింద, పలకను కళ్ళకు ఆనించుకుని చదువుతున్నది. చిలకమ్మ లోపలికి వెళ్ళి నా రెండో దీపం ఆర్పింది. పక్కింట్లో వెలుగు తేటపడింది. బాలిక పలక దించి మా వైపు చూసింది.

"సూసినారా? ఆ ఎలుగు ఇంతసేపూ మీ గదిలో ఉంది," అన్నది చిలకమ్మ.

పొదుపు అనే మాటను నేను ఎన్నో ఏళ్ళుగా పాఠాలలో చెప్పాను. దాని ముఖం చూసింది ఆనాడే. సాయంత్రం ఆ కరెంటుతోనే చోళ్ళు, అంటే రాగులు, పిండి పట్టే మర తిరిగేటప్పుడు గూడెమంతా ఎవరి దీపం వారు ఆర్పుకుని వాకిళ్ళలో చేరేవారు. మర ఆగేదాకా హాస్యాలు, పరాచికాలు. ఆజ్ఞాపించినవాడు లేడు, ఉల్లంఘించినవాడూ లేడు.

అటువంటి చోటికి మైదానం నుంచి ఒక ఆసామి వచ్చి, గూడెం పైన విడిది కట్టి, చేతులు జోడించి ఒక్క దీపానికి తీగ అడిగాడు. పొరుగువాడు నిప్పు అడిగితే లేదనకూడదన్నది ఆ ఇళ్ళ మర్యాద. పొయ్యిలోంచి ఒక కణిక తీసి ఇచ్చినట్లే చిలకమ్మ తీగ ఇచ్చింది. కొన్నాళ్ళకు 'సంపూర్ణ హరిత విద్యుత్ విడిది' అని బోర్డు వెలిసింది. దాని వెనుక గదిగదికీ నీళ్ళు కాచే యంత్రాలు వెలిశాయి. గూడెంలో బల్బులు మిణుకుమిణుకుమన్నాయి. మర ఆగిపోయింది. ఆడవాళ్ళు మళ్ళీ తిరగలి ముందు కూర్చున్నారు. పక్కింటి బాలిక పుస్తకాలు కట్టి అటక మీద పెట్టింది.

చిలకమ్మ వెంట నేనూ విడిదికి వెళ్ళాను. ఆసామి కుర్చీలోంచి లేవకుండానే అన్నాడు: "మీరే కాస్త పొదుపు చేసుకోండమ్మా. పచ్చ కరెంటు చూసే కదా మా గెస్టులు వచ్చేది! వాళ్ళకి వేడినీళ్ళు లేకపోతే ఎలా?"

"ఇంటికి ఒక్క దీపం ఎలిగిస్తన్నాం. అదీ ఆర్పేసుకోమంతావా? నిప్పడిగితే ఇచ్చినాను బాబూ. నువ్వు పొయ్యే ఎత్తుకుపోతన్నావు."

దిగివస్తూ దారిలో ఆమె ఆగింది. "నాను దీన్ని నిప్పనుకున్నాను మేస్టారూ. ఎంతమందికిచ్చినా పొయ్యిలో తరగదనుకున్నాను. ఇది నిప్పు కాదు, నీళ్ళు. ఒకడు మళ్ళించుకుంటే ఇంకొకడికి ఎండిపోతాది."

ఆ సంధ్యవేళ గూడెమంతటినీ పిలిచి, తలుపు దించేస్తే తమకూ చీకటేననీ, ఓర్చుకుంటారా అనీ అడిగింది. "ఇప్పుడు మాత్రం ఎలుగేటుందే అత్తా? మిణుగురులే నయం," అన్నది ఒక కోడలు పిల్ల. చిలకమ్మ వెళ్ళి తలుపు దించింది. కొండ నల్లబడింది. కాసేపటికి పైనుంచి గుడగుడమని ఒక హోరు, దాని వెంట నల్లని పొగ. విడిదిలో దాచి ఉంచిన డీజిలు జనరేటరు అది. అతిథులు ముక్కులు మూసుకుని గూడెంలోకి దిగివచ్చి ఏమిటా వాసన అని అడిగారు.

"మీరు సూడొచ్చిన పచ్చ కరెంటు బాబూ అది. బాగా పీల్సుకోండి," అన్నది చిలకమ్మ.

అతిథుల ముందు గుట్టు బయటపడ్డాక, మర్నాడు ఆసామి తన తీగ తానే విప్పుకున్నాడు. తలుపు లేచింది, మర తిరిగింది, బాలిక పుస్తకాలు అటక దిగాయి. బోర్డు మాత్రం అలాగే ఉండిపోయింది.

చిలకమ్మ ఇప్పుడు లేదు. మొన్నటి సభలో హరిత ఆతిథ్యానికి శాలువా అందుకున్నవాడు ఆ ఆసామే! మళ్ళీ డీజిలు పొగలోనే అతడికి నేను ఆశీస్సులు పలకాలట. మైకు అందుకుని, ముందు ఈ తెరలు తీసి దీపాలు ఆర్పండి అన్నాను. చమత్కారమనుకుని చప్పట్లు కొట్టారు. ఎవ్వరూ కదలలేదు. నేనే దిగి దగ్గరి తెరను లాగాను. నేల మీద ఎండ పడీ పడకముందే నిర్వాహకుడు పరుగున వచ్చి మూసివేశాడు: "వీడియోకి వెలుతురు ఎక్కువైపోతుందండీ మాస్టారూ!"

ఆశీస్సులు పలకకుండానే వచ్చేశాను.

విశాఖలోని మా ఇంట్లో నేటికీ రెండో దీపం మీట నొక్కగానే నా చూపు ఎదురింటి కిటికీ మీదికి పోతుంది. అక్కడ వెలుగు ఏమాత్రం తగ్గదు. చిలకమ్మ గూడెంలో ఎవరి సుఖానికి ఎవరు చీకట్లో కూర్చున్నారో గుమ్మంలో నిలబడితే కనిపించేది. ఇక్కడ కనిపించదు. మసకబారిన బల్బు కింద పలకను కళ్ళకు ఆనించుకున్న పిల్ల ఏ కొండ మీదో ఉండే ఉంటుంది. చిలకమ్మ పెట్టిపోయిన ఆ కోపంతోనే చేయి వెనక్కి వెళ్ళి దీపం ఆర్పుతుంది.