ఖాళీ రోడ్డు

ఆటో స్టాండులో ఆయన్ని అందరూ నిదానం బాబాయి అంటారు. ఆయన బండి నడుపుతుంటే వెనక సీట్లో పసిపిల్లలు నిద్రపోతారు. ఇన్నేళ్లలో ఎవరి అద్దానికీ గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి ఎర్రదీపం దాటాడంటూ ఫోనుకు వరసగా చలాన్లు రావడం మొదలైంది. మూడోదానితో పాటు, ఇంకొకటి పడితే లైసెన్సు పోతుందన్న హెచ్చరిక కూడా వచ్చింది. బండి తప్ప ఆయనకు వేరే పని చేతకాదు.

స్టాండంతా కెమెరా మీద విరుచుకుపడింది.

"కానిస్టేబులే నయం. బతిమాలితే వినేవాడు. దీనికి చెవులెక్కడివి?"

"మొన్న నేను ఇంట్లో పడుకునుంటే, హెల్మెట్ లేదని ఫోటో పంపింది," అన్నాడు బైకు మీద పార్సిళ్లు వేసే అతను.

"పెట్టుకుని పడుకోవాల్సింది."

ఎవరికి గొడవొచ్చినా వాదించడానికి ముందుంటాడని ఒక ఆటో డ్రైవరుకు వకీలని పేరు పడింది. అతను లేచాడు. "బాబాయ్, నువ్వే సిగ్నల్ దాటావంటే ఇక మేమంతా ఏమైనట్టు? పద, ఆఫీసుకెళ్లి వీడియో వేయమందాం. వాళ్ల మొహాలు చూడాలి నేను."

వెళ్లే రోజు పొద్దున బాబాయి భుజం మళ్లీ గుమ్మానికి కొట్టుకుంది, పాత కమిలిన మచ్చ పక్కనే.

"ఈ గుమ్మానికి మీ మీద ఏం పగో," అంటూ భార్య నూనె రాసింది.

"కట్టినవాడు ఇరుకుగా పెట్టాడు," అన్నాడాయన.

ట్రాఫిక్ ఆఫీసులో గుమాస్తా తెరను వాళ్ల వైపు తిప్పాడు. ఆ సాయంత్రం బాబాయికి బాగా గుర్తుంది. వాన అప్పుడే వెలిసింది. రోడ్డు కడిగిన పలకలా ఉంది. ముందు నరపురుగు లేదు. ఆయన ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

తెర మీద అదే సాయంత్రం, అదే బండి. స్తంభం మీద దీపం ఎప్పటినుంచో ఎర్రగా ఉంది. తెర చూస్తున్న బాబాయి చూపు ఆగింది దాని మీద కాదు. ఎడమవైపు నుంచి పిల్లాడి చెయ్యి పట్టుకుని ఒకామె రోడ్డు దాటుతోంది. బండి ఆగలేదు. ఆమె పిల్లాణ్ణి రెక్క పట్టి వెనక్కి లాగింది. చిన్న చెప్పొకటి జారి రోడ్డు మీద పడింది. దాని పక్కనుంచి బండి, ఏ తొందరా లేకుండా, ఎప్పటిలాగే నిదానంగా వెళ్లిపోయింది.

"ఇంకోసారి వేయండి," అన్నాడు బాబాయి.

రెండోసారీ ఆమె, పిల్లాడు అక్కడే ఉన్నారు.

"మిగతావీ చూస్తారా?" అన్నాడు గుమాస్తా.

"వద్దు బాబూ."

బయటికొచ్చాక బాబాయి తాళం వకీలు చేతిలో పెట్టి, తన బండిలో మొదటిసారి వెనక కూర్చున్నాడు. తల కదపకుండా ఎదురుగా చూశాడు. వకీలు వీపు స్పష్టంగా కనిపిస్తోంది. దానికి అటూ ఇటూ లోకం లేదు. చీకటి కూడా కాదు. ఏదో పోయిందని చెప్పే గుర్తయినా అక్కడ లేదు.

"కళ్లజోడు పెట్టుకుంటే సరిపోతుందిలే బాబాయ్."

"మా అమ్మకూ ఇలాగే పక్కలనుంచి చూపు పోవడం మొదలైందిరా. కళ్లజోడు పెట్టించాం. చివరికి గోడ పట్టుకుని నడిచింది."

స్టాండులో అందరూ చుట్టుముట్టారు. "గెలిచారా?"

వకీలు ఒకసారి బాబాయి వైపు చూశాడు. "కెమెరాదే తప్పట," అన్నాడు.

ఈలలు మోగాయి. ఇవాళ మొదటి బేరం బాబాయిదేనంటూ నలుగురూ కలిసి ఆయన బండిని తోసి అందరికన్నా ముందు నిలిపారు. ఆయన అలవాటు కొద్దీ వెళ్లి హ్యాండిలు ముందు కూర్చున్నాడు.

"ఆసుపత్రి దాకా వస్తారా?"

గొంతు ఎడమ చెవి పక్కనే. తల పూర్తిగా తిప్పితే గానీ ఆమె కనబడలేదు. చంకలో పిల్ల.

"ఈ బండి రాదమ్మా. వెనకది ఎక్కండి."

తర్వాత వచ్చినవాళ్లతోనూ అదే అన్నాడు. వెనక బండ్లు ఒక్కొక్కటే ఆయన్ని దాటుకుని వెళ్లాయి.

"గెలిచిన మత్తు ఇంకా దిగలేదు బాబాయికి," అని ఎవరో నవ్వారు.

స్టాండు ఖాళీ అయ్యేదాకా ఆయన బండి వరసలో మొదటిదిగానే ఉంది.