చిలకపచ్చ కారుకు ఐదు మార్కులు

కారు కొనే ముందు ఒక పట్టిక వేసుకున్నాను. మైలేజీకి ఇన్ని, బ్రేకులకు ఇన్ని, మా ఊళ్ళ స్పీడుబ్రేకర్లకు అడుగు తగలకుండా ఉండే ఎత్తుకు ఇన్ని, మొత్తం నూరు మార్కులు. అందులో అందానికి ఇచ్చింది ఐదు. అవి కూడా గడి ఖాళీగా ఉంటే బాగుండదని వేసినవే.

కారు రూపం లోపల కూర్చున్నవాడికి కనిపించదు. దాన్ని చూసేది బయటివాళ్ళు. బయటివాళ్ళ కళ్ళ చల్లదనం గురించి నేనెందుకు ఆలోచించాలి? ఇదీ నా వాదన. ఇప్పటికీ ఇందులో తప్పేమీ లేదు, బయటివాళ్ళంటే ఎవరో సరిగ్గా ఆలోచించకపోవడం తప్ప.

రంగును మాత్రం అందం కింద వేయలేదు, భద్రత కింద వేశాను. కర్నూలు నుంచి బద్వేలు దాకా దారి పొడుగునా ఎర్రమట్టి, నల్లరేగడి, నాపరాళ్ళ గోడలు, ఎండిన కందికట్టె. వీటి మధ్య ఎదురొచ్చే లారీ డ్రైవరుకు దూరం నుంచే కనబడే రంగు ఏది? షోరూము మూలన చిలకపచ్చ కారొకటి ఉంది. దాన్ని చూపించాను.

"అదా సార్?" అన్నాడు అమ్మే అతను. వేరే కార్ల వైపు చాపిన చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది. మిగతా రంగులకు చాలాకాలం ఆగాలట. దీన్నయితే రేపే తీసుకుపొమ్మన్నాడు. ఎందుకో నేను అడగలేదు.

బద్వేలులో మా అమ్మకు చీరల అంగడి ఉంది. రంగుల విషయంలో ఆమె మాటకు ఊళ్ళో తిరుగు లేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "దిష్టి తీసే పనే లేదు నాయనా. దీన్ని చూసి ఎవురికీ కండ్లు కుట్టవు" అంది. అయినా ముందు భాగాన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు కట్టింది. మిరపకాయలు కారు రంగులో కలిసిపోయి నిమ్మకాయ ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టు కనబడింది.

మా మేనమామ బద్వేలు-కర్నూలు బస్సు డ్రైవరు. హారను మీద చెయ్యి లేకుండా ఆయన బస్సు నడపలేడు. తెలిసినవాళ్ళు ఎదురైతే మూడుసార్లు కొడతాడు, తెలియనివాళ్ళకు రెండు, బర్రెలకు ఒకటి. నా కారుకు మొదటి రోజు నుంచీ మూడు.

కర్నూలులో సోలారు ప్లాంట్లు డిజైను చేసే ఆఫీసులో నా ఉద్యోగం. నాతోపాటు అక్కడే పనిచేసే కడప అమ్మాయి ఒకామె ఉంది. కారును మొదటిసారి చూసినప్పుడు, "ఇది కారా, బజ్జీల బండి మీద నుంచి జారిపడిన మిరపకాయా?" అంది.

"ఎక్కుతావా, లేదా?"

"ఎక్కితే కనబడదు గదా. ఎక్కుతా."

నా వాదనను అంత తొందరగా పట్టుకున్న మనిషి అంతకుముందు దొరకలేదు. కొన్నాళ్ళకు పెళ్ళి మాట నేనే ఎత్తాను.

"ఆలోచించుకోవాల. అంతదాకా మీ ఇంట్లోగానీ మా ఇంట్లోగానీ తెలియగూడదు" అంది. "తెలిసిందా, ఒక ఇంట్లో ఏడుపులు, ఇంకో ఇంట్లో ముహూర్తాలు. మధ్యలో నన్ను ఆలోచించుకోనీరు."

సరేనని మాట ఇచ్చాను. నా కారు ఏ రంగుదో ఆ తరువాత గుర్తొచ్చింది.

అమ్మ దగ్గర్నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "కర్నూలు బురుజు కాడ చెరుకురసం తాగినావంట. ఐసు ఎయ్యొద్దని చెప్పగూడదా?" ఇంకో రోజు, "నంద్యాల రోడ్డులో నిలబడుకోనుంటివంట, టైరులో గాలి పోయిందా?" అంగడికి చీర కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ నా కారు ఆచూకీ చెప్పి పోతున్నారు. పక్కన ఎవరని మాత్రం అమ్మ అడగలేదు. అడగలేదు కాబట్టి కనబడలేదనుకున్నాను. ఎందుకంటే దూరంగా బస్సు కనబడితే చాలు, పక్క సీట్లో ఆమె చెప్పు వెతుక్కుంటున్నట్టు కిందికి వంగేది.

"వంగి వంగి నా నడుము పోతాండాది. అందానికి ఐదు మార్కులంటివే, కనబడకుండా ఉండేదానికి ఎన్నిచ్చినావు?"

"ఆ గడి లేదు."

"పట్టికలేసే మొగం!"

ఆ మాట పడలేక ఉపాయం ఆలోచించాను. పచ్చ వస్తువును పచ్చటి చోట పెడితే కనబడదు. కాబట్టి నల్లమల అడవి. కాబట్టి అహోబిలం. ఆదివారం ఆళ్ళగడ్డ దాటి కొండల్లోకి తిరిగాక తెలిసింది, రంగుల లెక్క వేశానుగానీ నెల లెక్క వేయలేదని. నడి ఎండాకాలం. టేకు చెట్లు ఆకులన్నీ రాల్చి కట్టెల్లా నిలబడి ఉన్నాయి. అడవి మొత్తంలో పచ్చగా ఉన్నది నా కారొక్కటే.

ఆమె దిగి చుట్టూ చూసి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. "కోతులు గూడా మనల్నే చూస్తాండాయి గదప్పా!"

బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి బానెట్ మీద పెట్టుకుని తింటుండగా కొండ మలుపులో బస్సు కనబడింది. బద్వేలు నుంచి దర్శనానికి వచ్చి తిరిగిపోతున్న స్పెషల్ బస్సు. నడుపుతున్నది మా మామ. వెనక సీట్ల నిండా మా బజారు ఆడవాళ్ళు. ముందు సీట్లో మా అమ్మ. తాను వస్తున్నట్టు నాకు చెప్పలేదు. నేనూ చెప్పలేదు గదా.

"ఇప్పుడు నా చెప్పు యాడ వెతకాల?" అంది ఆమె మెల్లగా, చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని.

మామ చెయ్యి హారను మీదికి పోలేదు. అప్పుడే డ్రైవింగు నేర్చుకుంటున్నవాడిలా రోడ్డునే చూస్తున్నాడు. అమ్మ మావైపు తిరగనే లేదు. చెయ్యెత్తి అవతలి పక్కన ఏదో చూపించింది. అంతే, బస్సులోని ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా అటు తిరిగారు. అక్కడ ఉన్నది ఉత్త బోడి కొండ. మాకు కనబడినవి కొప్పులు, వాటి మీద కనకాంబరాలు. ఒక అవ్వ మాత్రం ఇటే చూస్తుంటే అమ్మ వెనక్కు వంగి ఆమె గడ్డం పట్టుకుని అటు తిప్పింది.

బస్సు వెళ్ళిపోయింది.

"మీ మామ హారను కొట్టలేదు" అంది ఆమె.

"కొట్టలేదు."

"అయితే చూసినారు."

తరువాతి వారం కర్నూలు బస్టాండులో మామ సీట్లోంచే ఒక పొట్లం అందించాడు. "మీ అమ్మ ఇచ్చింది. నాకేం తెల్దు" అన్నాడు. నేనేమీ అడగకముందే. లోపల కారు కిటికీకి కట్టే తెర ఉంది. ఒక్కటే. అచ్చంగా కారు రంగు చిలకపచ్చ. అమ్మకు ఫోను చేశాను.

"ఒకటే కుట్టినావేమ్మా?"

"పొద్దున్నే కర్నూలు నుంచి ఇట్లొస్తే ఎండ ఎడమపక్కన గదా పడేది. నువ్వు కూర్చునేది కుడిపక్క. నువ్వు నల్లగైతే ఎవురు చూస్తారు?"

తెరను మళ్ళీ మడిచి పొట్లంలో పెట్టాను.

"ఆ పిల్లకు చెప్పు, నేను చూళ్ళేదు. మీ మామా చూళ్ళేదు. బస్సులోవాళ్ళకు కొండ చూపిచ్చినా. ఆ పిల్ల కనబడాల అనుకున్న దినమే చూస్తాం. తొందరేం లేదు." చివర్లో, "ఆ కారు మాత్రం అమ్మొద్దురా. నువ్వు యాడుండేదీ తెలియాల గదా" అంది.

మాట పొల్లుపోకుండా ఆమెకు చెప్పాను. తెర తీసుకుని తానే కట్టుకుంది. ఆ రోజు నుంచి వంగడం మానేసింది. ఎదురొచ్చే బస్సుకు ముందద్దంలోంచి అంతా కనబడుతుందని చెప్పబోయి ఊరుకున్నాను. తెర వల్ల ఎడమ పక్క అద్దం కనబడడం లేదని మాత్రం చెప్పాను.

"మీ అమ్మ నాకు కుట్టింది. నువ్వెవురు తీసేకి?"

మెడ చాపి చాపి నడిపాను. ఎవరూ ఏమీ అడగలేదు. అంగడి నుంచి నా కారు ఆచూకీ ఫోన్లు కూడా ఆగిపోయాయి. బద్వేలు బద్వేలంతా బోడి కొండల వైపు చూస్తోంది.

తొలకరి పడ్డాక ఒక పొద్దున ఆమే, "మీ అమ్మ అంగడి యాడుండాదో చూపిచ్చు" అంది. మైదుకూరు దాటాక తెర విప్పి, మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా మామ బస్సు వస్తోంది. ఆయన అలవాటు ప్రకారం మమ్మల్ని చూడకుండా, హారను మీది నుంచి చెయ్యి తీసేసి, చెట్ల వైపు ముఖం పెట్టాడు.

ఆమె నా మీదుగా వంగి స్టీరింగు నడుమ అరచెయ్యి పెట్టి హారను నొక్కింది. మూడుసార్లు.

బస్సు మమ్మల్ని దాటి, మలుపు తిరిగి, కనబడకుండా పోయింది. దాని హారను మాత్రం ఇంకా మోగుతూనే ఉంది.